సామాన్యుని కారు – బల్లమీది ప్రతిరూపము

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమును దర్శించినవారు అచ్చట పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు నొకదానిని చూచియుందురు. 1912 నాటి ఆ వాహనము ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారి కొఱకు చేయింపబడినది. అది సిద్ధమై వచ్చునాటికి ఆయన జీవించిలేరు. సింహాసనము వంటి ఆసనము గల ఆ కారు తిరిగిన దూరము బహుస్వల్పము. నూరేండ్లు దాటినను అది నేటికిని అద్దమువలె మెరయుచున్నది. మఱి అదే నగరపు వీధులలో తరువాతి కాలమున వేలకొలది మైళ్లు తిరిగి, పిల్లలను బడికి, రోగులను ఆసుపత్రికి, పెండ్లివారిని విడిదింటికి చేర్చిన చిన్నకార్లు ఎచ్చట నున్నవి? వానిలో అనేకము పాత ఇనుపసామానుల కొట్లలో తూకమునకు పోయినవి. అపురూపమైన వస్తువును మనుష్యుడు దాచుకొనును. ఉపయోగపడిన వస్తువును అరుగదీసి పారవేయును. కావుననే రాజుల రథములు మిగులును, సామాన్యుల బండ్లు మిగులవు.

ఈ సామాన్యపు కార్లకు మిగిలియున్న సాక్ష్యములలో ఒకదానిని మనము సాధారణముగా పిల్లల ఆటవస్తువుగా తలచుచుందుము. అదియే ప్లాస్టిక్ విడిభాగములను జోడించి చేయు చిన్న ప్రతిరూపము. దీనిని వాడుకలో మోడల్ కిట్టు అందురు. దీనికిని ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర కొంత వ్యాపారమునకు, కొంత జ్ఞాపకమునకు సంబంధించినది.

కొలత విషయమున ఈ ప్రతిరూపములు మిక్కిలి నియమబద్ధమైనవి. 1/24 కొలత యనగా అసలు కారులోని రెండడుగులు ప్రతిరూపములో ఒక అంగుళమగును. 1/32 కొలత యనగా ముప్పదిరెండు అంగుళములు ఒక్క అంగుళమునకు కుదించుకొనును. పదియడుగుల పొడవుగల మినీ కారు మొదటి కొలతలో అయిదంగుళములు, రెండవ కొలతలో మూడు ముప్పాతిక అంగుళములు ఉండును. చక్రము మొదలు అద్దపు అంచు వఱకు ప్రతిభాగమును ఈ లెక్కకు లోబడవలసినదే.

తయారీ విధానము ఇట్టిది. పాలిస్టైరీన్ అను ప్లాస్టికును వేడితో మెత్తబరచి ఉక్కుమూసలోనికి ఒత్తిడితో ఎక్కింతురు. చల్లారిన పిమ్మట మూసను తెరచినచో, కొమ్మకు కాయలవలె కాడలకు అంటుకొనియున్న భాగములు బయటపడును. కొన్నవాడు వానిని కత్తిరించి, అంచులను ఉప్పుకాగితముతో రుద్ది, ఒకదానికొకటి జోడించును. ఇందు వాడు జిగురు మన బంకవంటిది కాదు. అది రెండు అంచులను కొంచెము కరిగించి ఏకము చేయును. అందుచేత ఒకసారి తప్పుగా అతికినచో విడదీయుట దుర్లభము. ఓర్పు లేనివానికి ఈ విద్య పట్టువడదు.

ఇక్కడ ఒక ఆర్థికసూత్రమును గుర్తుంచుకొనవలెను. ప్లాస్టిక్ చవుక, ఉక్కుమూస ఖరీదు. వేలకొలది కిట్లు అమ్ముడుపోవునని నమ్మకము కుదిరిననే గాని ఏ సంస్థయు మూసను చెక్కింపదు. ఏ కారుకు ప్రతిరూపము లభించినదో, ఏ కారుకు లభింపలేదో నిర్ణయించినది చరిత్రకారుడు కాదు, అంగడి లెక్కయే.

ప్లాస్టిక్ కిట్లకు ఆద్యములుగా 1936లో ఇంగ్లండున వెలువడిన ఫ్రాగ్ పెంగ్విన్ విమానములను చెప్పుదురు. అవి సెల్యులోజ్ అసిటేట్ అను పదార్థముతో చేసినవి. 1939లో హంగెరీ నుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన నికొలస్ కోవ్ అను వ్యాపారి ఎయిర్‌ఫిక్స్ సంస్థను స్థాపించెను. ఆ సంస్థ తొలుత గాలి నింపు రబ్బరు బొమ్మలను, యుద్ధానంతరము దువ్వెనలను తయారుచేసెను. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు కంపెనీవారు తమ అమ్మకపు ప్రతినిధులు కొనుగోలుదారులకు చూపుటకై ఒక చిన్న ట్రాక్టరును చేసి యిమ్మని కోరిరి. మొదట జోడించిన బొమ్మగా అందించిన దానినే, ఖర్చు తగ్గించుటకై విడిభాగములుగా దుకాణములలో అమ్మజొచ్చిరి. 1952లో డ్రేకు నావికుని గోల్డెన్ హైండ్ ఓడను ప్లాస్టిక్ సంచిలో పెట్టి వుల్‌వర్త్ దుకాణములలో రెండు షిల్లింగులకు అమ్మిరి. విమానములు, యుద్ధనౌకలు తరువాత వచ్చినవి. తరువాతి తరములవారికి యుద్ధవిమానముల ద్వారా పరిచితమైన ఆ సంస్థకు తొలి ప్రతిరూపము పొలము దున్ను ట్రాక్టరగుట గమనింపదగినది.

అమెరికాలో ఈ వృత్తాంతము మఱియొక త్రోవను నడచినది. 1940 దశకాంతమున డిట్రాయిటు ప్రాంతమునందు ఏ.ఎం.టి., జోహాన్ వంటి సంస్థలు కార్ల వర్తకుల కొఱకు చిన్న ప్రతిరూపములను తయారుచేసెను. కొత్తకారు చూడవచ్చినవారి పిల్లల చేతిలో పెట్టుటకును, రంగులు చూపించుటకును అవి ఉపయోగపడెను. 1958లో ఏ.ఎం.టి. వారు అవే మూసలను ఆధారము చేసికొని, ఒకే పెట్టెనుండి మూడు విధములుగా కట్టదగిన కిట్లను విడుదల చేసిరి. కార్ఖానానుండి వచ్చినట్లుగానో, సొంత అలంకారములతోనో, పందెపు కారుగానో దానిని కట్టుకొనవచ్చును. 1960 సంవత్సరపు చిన్నకార్లగు ఫాల్కన్, కార్వేర్ వంటివానికి సైతము అచ్చులు ఏర్పడెను.

అయితే ఇందొక చిక్కు కలదు. ఏటేట కారు ముఖము మారుచుండుటచే, గతసంవత్సరపు మూసనే చెక్కి కొత్త సంవత్సరపు మూసగా మార్చుచుండిరి. అట్లు మార్చిన పిమ్మట పాతరూపము మరల రాదు. కొన్ని మూసలను పూర్తిగా పందెపు కార్లుగా మార్చివేసిరి. ఏలయన పిల్లలు కొనునది పందెపు కారు. తండ్రి ఆఫీసునకు పోవు నాలుగు తలుపుల కారును కొనువారు తక్కువ. ఈ విధముగా సామాన్యపు కారు రెండుసార్లు నశించినది. మొదటిసారి రోడ్డుమీద తుప్పుపట్టి, రెండవసారి కార్ఖానాలో మూస చెరిగి.

అయినను కొన్ని మిగిలినవి. ఎయిర్‌ఫిక్స్ వారు 1/32 కొలతలో మోరిస్ మైనర్, ట్రయంఫ్ హెరాల్డ్, రెనో డోఫిన్, వోక్స్‌వ్యాగన్ వంటి నిత్యవ్యవహారపు కార్లను చవుక ధరకు అందించిరి. జపానులో తమియా, హసెగావా సంస్థలును, జర్మనీలో రెవెల్ సంస్థయు తరువాత ఈ పని చేసినవి. ఇట్టి కిట్టును ఒకదానిని చేత కట్టినవానికి ఆ కారు పుట్టుక ఎట్లు జరిగినదో పుస్తకము కంటె స్పష్టముగా బోధపడును. రెండు మూడు ఉదాహరణములు చెప్పెదను.

మోరిస్ మైనర్ 1948లో వెలువడినది. దాని రూపశిల్పి అలెక్ ఇసిగోనిస్. నమూనా కారు సిద్ధమైన పిమ్మట అది మరీ ఇరుకుగా నున్నదని ఆయనకు తోచెను. దానిని నిలువున రెండుగా కోయించి, రెండు భాగములను దూరముగా జరుపుచు, కంటికి నచ్చినచోట ఆపించెను. ఆ వెడల్పు నాలుగంగుళములు. అప్పటికే చేయించియుంచిన బంపరులు చాలకపోగా, వానిని నడుమ కోసి అతుకువేసిరి. బానెట్టు నడుమ ఒక బల్లపరుపు పట్టీ చేరినది. ఆ పట్టీ కారు జీవితాంతము నిలిచినది. 1/32 ప్రతిరూపములో అది సుమారు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. ఉప్పుకాగితముతో రుద్దునప్పుడు వేలు దానికి తగులును. ఒక మనుష్యుడు మనసు మార్చుకొన్న గుర్తు అది. బ్రిటనులో పదిలక్షల సంఖ్యను దాటిన మొదటి కారు ఈ మైనరే.

ఇసిగోనిస్ చేసిన మినీ 1959లో వచ్చినది. 1956 నాటి సూయెజ్ సంక్షోభముచే పెట్రోలు కరవైనందున పుట్టిన కారు అది. ఇంజనును అడ్డముగా త్రిప్పి పెట్టుటచే పదియడుగుల కారులో నలుగురు కూర్చుండుటకు చోటు దొరకెను. తొలినాటి మినీకి తలుపు మడతబందులు వెలుపలనే యుండెడివి. రేకుల అతుకులు కూడ వెలుపలికే కనబడెడివి. అద్దములు ప్రక్కకు జరుపునవి. అన్నియు ఖర్చు తగ్గించు ఉపాయములే. ప్రతిరూపమును కట్టువాడు ఆ అతుకుగీతను లోపమనుకొని రుద్దివేసినచో మినీ మినీగా మిగులదు.

ఫ్రాన్సున సిట్రోయెన్ 2సి.వి. 1948 అక్టోబరులో పారిస్ ప్రదర్శనమునందు దర్శనమిచ్చినది. ఇద్దఱు రైతులను, 50 కిలోల బంగాళదుంపలను మోయవలెను, దున్నిన చేనిమీద నడచినను గంపలోని గ్రుడ్లు పగులరాదు అనునవి పియేర్ బులాంజే విధించిన నియమములు. ఇంజను 375 ఘనసెంటీమీటర్లు. పలుచని రేకు వంగకుండుటకై బానెట్టునకు ముడుతలు పెట్టిరి. అవి అలంకారము కొఱకు పెట్టినవి కావు, పొదుపు కొఱకు పెట్టినవి. 1990 వఱకు ఆ కారు తయారగుచునే యుండెను.

ఇక మన ప్రాంతమునకు సంబంధించిన ముచ్చట. ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండున వెలువడినది. రూపశిల్పి ఇటలీకి చెందిన మికెలోట్టి. ఆ కంపెనీకి కారు దేహములు చేసియిచ్చు సంస్థను పోటీ కంపెనీ కొనివేయగా, మొత్తము దేహమును ఒక్కచోట చేయించుకొను అవకాశము తప్పినది. అందుచే వారు విడిగా ఛాసిస్ నిర్మించి, దేహమును ముక్కలుగా చేయించి, బోల్టులతో బిగించు పద్ధతి నవలంబించిరి. అనగా అసలు కారే ఒక కిట్టు. పెట్టెలలో సర్ది ఓడమీద పంపి వేరొక దేశమున బిగించుటకు అంతకంటె అనువైనది లేదు. 1961 నుండి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు దానిని స్టాండర్డ్ హెరాల్డ్ పేరిట తయారుచేసిరి. తెలుగుదేశమునందు అంబాసిడర్, ఫియట్ కార్లతోపాటు దానినిగూడ ఎఱిగినవారు పెక్కురు.

రాజమహేంద్రవరమున మా పెదనాన్నగారికి అట్టి కారు ఒకటి యుండెను. ఆయన దానిని పాతదిగానే కొనిరి. నా బాల్యమున దాని ముందుభాగమంతయు మొసలి నోరువలె ముందునకు తెరచుకొనుట చూచి వెఱగుపడుచుండువాడను. 1980 దశకాంతమున విడిభాగములు దొరకక అది పెరటిలో నిలిచిపోయినది. రెండు వర్షాకాలముల పిమ్మట పాత ఇనుము వర్తకుడు వచ్చి దానిని తూచి తీసికొనిపోయెను. దాని ఫోటో ఒకటియైన మాయింట మిగులలేదు.

కొన్నియేండ్ల క్రిందట ఒక మిత్రుడు ఎయిర్‌ఫిక్స్ వారి హెరాల్డ్ కిట్టును నాకు బహూకరించెను. రాత్రివేళల పనిచేసి రెండు నెలలలో దానిని పూర్తిచేసితిని. జిగురు వ్రేలితోనే ముందు అద్దమును ముట్టి మసకబరచుకొన్న తప్పు నాదే. దానిని మెరుగుపెట్టి సరిచేయుటకు నాలుగు రాత్రులు పట్టినది. లేతనీలపు రంగు వేసి, పెదనాన్నగారు గతించినందున పెద్దమ్మగారికి చూపింప తీసికొనిపోయితిని. ఆమె దానిని అరచేతిలో పెట్టుకొని, అటునిటు త్రిప్పి చూచి, “బాగానే చేశావురా నాన్నా, కాని ఇది మన కారు కాదు. మనదానికి నాలుగు తలుపులుండేవి. ఆ వెనక తలుపు నా చీరకొంగు ఎన్నిసార్లు చింపిందో నాకు తెలియదూ!” అనిరి.

ఆమె చెప్పినది అక్షరాల నిజము. ఇంగ్లండున హెరాల్డునకు ఎన్నడును రెండే తలుపులు. పెద్ద కుటుంబములు గల మన దేశము కొఱకు మద్రాసువారు ప్రత్యేకముగా నాలుగు తలుపుల హెరాల్డును రూపొందించిరి. ఆ రూపము ప్రపంచమున మఱియెచ్చటను లేదు. ఎయిర్‌ఫిక్స్ మూస ఇంగ్లండు కారుకు చెక్కినది. దానిలో మా పెద్దమ్మగారి చీరకొంగు చిక్కుకొనుటకు తలుపే లేదు.

నేను రెండవ కిట్టును సంపాదించి, వెనుక తలుపును చేర్చదలచితిని. చేర్చవలెననిన కొలతలు కావలెను. నడిమి స్తంభము ఎంత ముందునకు జరిగినది? వెనుక తలుపు అంచు చక్రముమీది వంపును ఎచ్చట తాకినది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు పాత మెకానిక్కులను కలసికొంటిని. వారిలో ఒకరు షెడ్డు వెనుక నున్న తుప్పుపట్టిన దేహమును చూపిరి. చక్రములు లేవు, అద్దములు లేవు. తీగలు ప్రాకియున్నవి. కాని వెనుక తలుపులు రెండును నిలిచియున్నవి. టేపుతో కొలిచి, నోటుపుస్తకమున వ్రాసికొని, ప్రతి అంకెను 32తో భాగించి, పలుచని ప్లాస్టిక్ రేకుతో స్తంభమును కట్టి, సూదిమొనతో తలుపు గీతను గీసితిని. ఆ మెకానిక్కుగారు నా పుస్తకమును చూచి, “దీన్ని కొలిచినవాళ్లు ఇంతకుముందు ఎవరూ రాలేదండీ. తూకం వేయడానికే వచ్చేవారు” అనిరి. రెండవసారి చూపినప్పుడు పెద్దమ్మగారు తలుపు గీతమీద గోటితో వ్రాసి చూచిరి. రంగు మాత్రము ఇంకను కొంచెము పాలిపోయినట్లుండవలెనని చెప్పిరి. ఆ రంగు ఆమెకు తక్క మఱెవరికిని జ్ఞాపకము లేదు.

ఇట్టి జ్ఞాపకము ఒక్క కుటుంబమునకు సంబంధించినదే కానక్కరలేదు. తూర్పు జర్మనీలో 1957 నుండి తయారైన ట్రబాంట్ కారును చూడుడు. ఉక్కు కొఱతచే దాని దేహపు రేకులను ప్రత్తిపీచు, రెసిను కలిపి చేసిన పదార్థముతో చేసిరి. రెండు సిలిండర్ల ఇంజను పొగ చిమ్ముచు నడిచెడిది. దాని కొఱకు ప్రజలు పదియేండ్లకు పైగా వేచియుండెడివారు. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరచుకొనగా ఆ కార్లలోనే జనము పడమటికి పోయిరి. 1991లో తయారీ నిలిచినది. కొంతకాలము ఆ కార్లు పరిహాసపాత్రములై, వీధులలో విడువబడినవి. తరువాత వానినే వెదకి దాచుకొనువారు బయలుదేరిరి. రెవెల్ వారు 1/24 కొలతలో ట్రబాంట్ కిట్టును వెలువరించిరి. ఆ రాజ్యము పోయినది, ఆ గోడ పోయినది. ఆ కారులో బాల్యము గడపినవారు దానిని బల్లమీద మరల నిర్మించుకొనుచున్నారు. అట్లే జపానులో 1958లో పుట్టిన సుబారు 360 అను బుల్లికారు, ఆ దేశపు సామాన్య కుటుంబమునకు తొలి వాహనమైన దానిలో ఒకటి, నేడు హసెగావా పెట్టెలో లభించుచున్నది.

ప్రతిరూపము అన్నిటిని చెప్పజాలదని ఒప్పుకొనవలెను. పెట్రోలు వాసన దానికి లేదు. ఎండలో కాగిన సీటు తాకిడి లేదు. మఱియు కట్టువానికొక ధర్మసందేహము కలుగును. కార్ఖానానుండి వెలువడిన దినమున ఎట్లుండెనో అట్లు మెరయునట్లు కట్టవలెనా, లేక పదియేండ్ల వాడుక పిమ్మట సొట్టలతో, అతుకులతో, పైన సామానుల చట్రముతో కట్టవలెనా? నా అభిప్రాయమున సామాన్యుని కారు విషయమున రెండవదియే సత్యమునకు దగ్గరగా నుండును. కొత్తదనము కంపెనీ చరిత్ర, సొట్టలు కొన్నవాని చరిత్ర.

మన దేశమున ఈ విషయము నేడు తొందర కలిగించునదిగా నున్నది. ఉత్తరపారాలో అర్ధశతాబ్దికి మించి తయారైన అంబాసిడర్ 2014 మే మాసమున నిలిచిపోయినది. 1983 డిసెంబరులో వచ్చి, ఎన్నో మధ్యతరగతి కుటుంబములకు మొదటి కారైన మారుతీ 800 తయారీ కూడ 2014లోనే ముగిసినది. ముంబయి వీధులలో నలుపు పసుపు రంగులతో తిరిగిన పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో సెలవు తీసికొన్నవి. ఇవి ఇంకను అచ్చటచ్చట కనబడుచున్నవి కనుక ఎల్లప్పుడు కనబడునని భ్రమపడుదుము. మా హెరాల్డు విషయమున మేమును అట్లే భ్రమపడితిమి.

నేడు ఉక్కుమూస లేకున్నను ప్రతిరూపములు చేయు మార్గములు కలవు. సిలికాన్ రబ్బరు మూసలో రెసిను పోసి పదుల సంఖ్యలో చేసికొనవచ్చును. కంప్యూటరులో గీసిన రూపమును త్రిమితీయ ముద్రణయంత్రము పొరలు పొరలుగా పేర్చి యిచ్చును. అంగడి లెక్క ఇప్పుడు మునుపటివలె అడ్డుగోడ కాదు. కావలసినది కొలతలు. ఏ యంత్రమును మన పెరటిలోని కారును తనంతట కొలిచికొనజాలదు.

కావున ఇంటిలో పాతకారు గలవారు దానిని అమ్మివేయుటకు ముందు ఒక్క ఉదయము దానికై వినియోగింపుడు. ముందునుండి, వెనుకనుండి, ప్రక్కనుండి ఎదురెదురుగా ఫోటోలు తీయుడు. పొడవు, వెడల్పు, తలుపుల అంచులు, చక్రముల నడిమి దూరము టేపుతో కొలిచి కాగితముమీద వ్రాయుడు. రంగు పేరు వ్రాయుడు. ఆ కారులో ప్రయాణించిన పెద్దలు ఇంటనున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రాయుడు. టేపునకు అందని కొలతలు కొన్ని వారియొద్ద నుండును. మా యింటి కారుకు తలుపులు నాలుగని నాకు చెప్పినది ఏ గ్రంథమును కాదు, ఒక చీరకొంగు.